పక్క ప్లాంటుకి 84, మాకు 61: మేం నిజంగా అంత వెనకబడ్డామా?

గూడూరు నిమ్మకాయ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. కృష్ణపట్నం చుట్టుపక్కల బొగ్గు ప్లాంట్లలో ఒకదాంట్లో ఎఫిషియెన్సీ సెక్షన్‌లో పని చేస్తుంటా. ఏ ప్లాంటో అడగొద్దు. ముత్తుకూరు రోడ్డు మీద బూడిద లారీల వెనక ముఖానికి కర్చీఫ్ కట్టుకుని బైకు మీద పొయ్యేవాళ్లలో నేనూ ఒకణ్ణి, అంతవరకు చాలు. యూనిట్ సైజు చెప్తే దొరికిపోతా కాబట్టి లెక్కకి 600 మెగావాట్లు అనుకోండి.

మొన్న నెలవారీ రివ్యూలో మా పెద్దసారు ఒక స్లైడ్ వేశారు. ఎడమ పక్క మేము, కుడి పక్క ఇంకో ప్లాంటు.

పీఎల్‌ఎఫ్ (ఫుల్ కెపాసిటీ మీద తిప్పితే వచ్చే కరెంటులో నిజంగా పుట్టించింది ఎంత శాతమో): మాది 61, వాళ్లది 84.
యూనిట్ కరెంటుకి బొగ్గు: మాది 0.65 కిలో, వాళ్లది 0.48.
హీట్ రేటు (యూనిట్ కరెంటుకి పట్టే వేడి): మాది 2,410 కిలో కేలరీలు, వాళ్లది 2,290.
నాలుగో వరస మెగావాట్‌కి ఎంతమంది మనుషులని. అందులోనూ మేమే ఎక్కువ.

"అదే సముద్రం, అదే గాలి, మిషన్లు కూడా ఇంచుమించు ఒకటే. వాళ్లకి వచ్చేది మనకెందుకు రాదు?" అన్నారు. గదిలో ఇరవై మంది ఉన్నాం, ఒక్కరూ నోరు తెరవలేదు. నేను తెరిచా. "సార్, షెడ్యూలు రాలేదు కదా" అన్నా. (షెడ్యూలు అంటే ఇంత కరెంటు పంపమని గ్రిడ్ వాళ్లు ఇచ్చే లెక్క.) "సాకులు చెప్పకు, పదిహేను రోజుల్లో ప్రొడక్టివిటీ బెంచ్‌మార్కింగ్ రిపోర్టు ఇయ్యి" అన్నారు. నోరు తెరిచినందుకు దొరికిన బహుమానం అది.

ఆ నెలంతా మా యూనిట్ ఒక్కసారి కూడా ట్రిప్ కాలేదు. బొగ్గు పొడి చేసే మిల్లు ఒకటి రిపేరులో ఉండి అవైలబిలిటీ (అడిగితే ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న కెపాసిటీ) 93 శాతం దగ్గర ఆగింది. రోజూ పొద్దున తొమ్మిదయ్యేసరికి లోడ్ తగ్గించమని ఫోను, సాయంత్రం ఆరుకి పెంచమని ఫోను. 600 మెగావాట్లంటే 30 రోజులకి 432 మిలియన్ యూనిట్లు. అందులో 93 శాతం, అంటే 402 ఇస్తామని చెప్పాం. తీసుకున్నది 263. ఆ 139 మిలియన్ యూనిట్లు మేం పుట్టించలేక పోగొట్టుకున్నవా, వాళ్లు వద్దన్నవా?

అసలు ఒక కరెంటు ప్లాంటు బాగా పని చేసిందని చెప్పాలంటే ఏ అంకె చూపించాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. పదిహేనులో మూడు రోజులు అప్పుడే అయిపోయినాయి.

ఒంగోలు గిత్త:

తమ్ముడూ, నేను ప్రకాశం జిల్లాలో ఒక సోలార్ ప్లాంటు చూసుకుంటా. రోజూ పొద్దున తొమ్మిదికి మీకొచ్చే ఫోనుకి సగం కారణం మేమే, క్షమించు. ఎండెక్కేకొద్దీ మా కరెంటు గ్రిడ్‌లోకి వస్తుంది. మాది మస్ట్ రన్, ముందు మమ్మల్ని తీసుకోవాలి. మిగిలిన అవసరానికి ఎవరి బొగ్గు ఖర్చు తక్కువో వాళ్లని మొదట పిలుస్తారు. మెరిట్ ఆర్డర్ అంటే అదే కదా. వరసలో నువ్వు వెనక ఉంటే నీ మిషను ఎంత బాగున్నా పిలుపు రాదు.

మాకు పీఎల్‌ఎఫ్ అనరు, సీయూఎఫ్ అంటారు. లెక్క అదే. బాగా ఎండకాసే చోట కూడా 20, 25 మధ్య ఉంటుంది, రాత్రి సూర్యుడు ఉండడు కాబట్టి. మీ పెద్దసారు మా అంకె చూస్తే మమ్మల్ని దొనకొండ దాటేదాకా తరుముతాడు.

పెన్నా గట్టు పెద్దాయన:

అబ్బాయ్, నీ స్లైడ్ చదివితే మొదట నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. నలభై ఏళ్ల కిందటా ఇదే గోల.

నేను ఉద్యోగంలో చేరింది నెల్లూరు థర్మల్‌లో. ఊళ్లోనే పవర్ హౌస్ ఉండేదంటే ఇప్పటి పిల్లోళ్లు నమ్మరు. 1965లో మొదలైన 30 మెగావాట్ల యూనిట్, ఒకే ఒక్కటి. ఇరవై నాలుగ్గంటలూ ఫుల్ లోడ్ మీద తిప్పితే రోజుకి 7 లక్షల 20 వేల యూనిట్లు. ఇప్పుడు నేలటూరులో దామోదరం సంజీవయ్య స్టేషన్‌లో ఉండే 800 మెగావాట్ల యూనిట్ ఆ పని 54 నిమిషాల్లో చేసి పారేస్తుంది. అట్టని మేం రోజుకి 54 నిమిషాలు పని చేసినోళ్లం అయిపోతామా? ఏ రెండు అంకెల్ని పక్కపక్కన పెడుతుండామో చూసుకోకపోతే ఇట్టాంటి ప్రశ్నలే వస్తాయి.

ముందు పీఎల్‌ఎఫ్ సంగతి. మా కాలంలో ఆ అంకెకి విలువుండేది. కరెంటుకి కరువు, ఎంత పుట్టిస్తే అంతా పోయేది. పీఎల్‌ఎఫ్ తగ్గిందంటే మిషన్ పాడైందనో, బొగ్గు రాలేదనో అర్థం. ఆ అలవాటు పెద్దోళ్ల బుర్రల్లోంచి పోలా. 2007-08లో దేశం మొత్తం మీద థర్మల్ పీఎల్‌ఎఫ్ 78.6 శాతం. 2016-17కి 60 దగ్గరికి దిగింది. తొమ్మిదేళ్లలో దేశంలో ఇంజనీర్లందరికీ ఒక్కసారే పని రాకుండా పోయిందా? గిరాకీకి మించి కొత్త ప్లాంట్లు లేచినాయి, వాటెనక గాలీ ఎండా వచ్చినాయి. పీఎల్‌ఎఫ్ ఇప్పుడు నిన్ను ఎంత పిలిచారో చెప్తుంది గానీ నువ్వెట్టా పని చేశావో చెప్పదు.

ఆ అంకెని దేవుడి పటంలా గోడకి తగిలిస్తే ఏమవుద్దో నేను చూశా. నెల్లూరు కాదు, తర్వాత పోయిన చోటు, ఊరు పేరు చెప్పను. మార్చి నెల మూడో వారం. ఎకనమైజర్‌లో, అంటే బాయిలర్‌లోకి పొయ్యే నీళ్లు వేడెక్కే చోట, ట్యూబు చిల్లి పడింది. పక్కన నిలబడితే బుస్సుమని వినబడుతుండాది. మేకప్ నీళ్లు (కారిపోయినదాని బదులు పోసేవి) రోజురోజుకీ పెరుగుతుండాయి. ఆపుదాం సార్ అంటే, సంవత్సరాంతపు పీఎల్‌ఎఫ్ పడిపోద్ది, 31 దాకా లాగండి అన్నారు. లాగాం. ఆ చిల్లిలోంచి వచ్చిన ఆవిరి పక్క ట్యూబుల్ని రంపంలా కోసింది. ఒకటి మార్చాల్సిన చోట పదకొండు మార్చాం. మూడు రోజుల పని పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ ఏప్రిల్ ఖాతాలోకి పోయినాయి. మార్చికి షీల్డ్ వచ్చింది. ఫోటోలో నేను కూడా ఉండా, ఎడమ నుంచి నాలుగో వాణ్ణి, పళ్లికిలిస్తా.

కాబట్టి నీ రిపోర్టులో మొదటి వరస అవైలబిలిటీ పెట్టు. కేంద్ర విద్యుత్ రెగ్యులేటరీ కమిషన్ బొగ్గు ప్లాంట్లకి పెట్టిన గీత 85 శాతం. అది దాటితే ఫిక్స్‌డ్ చార్జీలు (ఎంత కరెంటు తీసుకున్నారన్నదానితో పని లేకుండా ప్లాంటుకి ఇచ్చే డబ్బు) పూర్తిగా వస్తాయి. నీకు 93. ఇది నీ చేతిలో ఉన్న అంకె, నీ మనుషుల కష్టం ఇందులో కనబడుద్ది. ఒక మాట: 402లోంచి 263 తీసేశావే, డిక్లేర్ చేసేది బస్‌బార్ (కరెంటు ప్లాంటు దాటి బయటికి పొయ్యే చోటు) దగ్గరి లెక్క, పీఎల్‌ఎఫ్ జనరేటర్ దగ్గరి లెక్క. మధ్యలో నీ ఫ్యాన్లూ పంపులూ మిల్లులూ తినేది ఉండాది. రెండింటినీ ఒకే చోటికి తెచ్చి తీసెయ్యి. లేకపోతే మీ పెద్దసారు ఆ ఒక్క తప్పు పట్టుకుని మిగతా రిపోర్టంతా పక్కన పారేస్తాడు. నేనైనా అదే చేస్తా.

ఇంక బొగ్గు. 0.65, 0.48 అని పక్కపక్కన పెడితే మీరు 35 శాతం ఎక్కువ తగలబెట్టినట్టు కనబడుద్ది. అదే స్లైడ్‌లో కింది వరసతో భాగించి చూడు. 2,410ని 0.65తో భాగిస్తే దాదాపు 3,700. 2,290ని 0.48తో భాగిస్తే 4,770. అంటే మీ బొగ్గులో కిలోకి 3,700 కిలో కేలరీలు, వాళ్ల బొగ్గులో 4,770. వాళ్లు ఓడలో దిగిన విదేశీ బొగ్గు బాగా కలుపుతుండారు, మీరు బూడిదెక్కువ ఉండే మన బొగ్గు కాలుస్తుండారు అనుకుంటా. వేడిలో చూస్తే తేడా 5 శాతమే. 35 యాడ, 5 యాడ! స్లైడ్ చేసినోడికి భాగహారం రాదా, వచ్చీ ఊరకున్నాడా?

నువ్వు నెల్లూరోడివి, రొయ్యల చెరువు లెక్కలో చెప్తా. హీట్ రేటు అంటే మన ఎఫ్‌సీఆర్ లాంటిది. కిలో రొయ్యకి ఎంత మేత పట్టింది అన్నట్టు, యూనిట్ కరెంటుకి ఎంత వేడి పట్టింది అని. తక్కువైతే మంచిది. ఒక యూనిట్ కరెంటులో ఉండే వేడి 860 కిలో కేలరీలు. 860ని 2,410తో భాగిస్తే 35.7 శాతం. నువ్వు పొయ్యిలో వేసిన వేడిలో కరెంటుగా బయటికొచ్చింది అంత, మిగతాది చిమ్నీలో కొంత, సముద్రంలో ఎక్కువ. చెరువు సగం ఖాళీగా పెట్టి ఏరేటర్లు మాత్రం అన్నీ తిప్పితే ఖర్చు ఎట్టా ఉంటదో, 61 లోడ్ మీద ప్లాంటు నడిపితే అట్టానే ఉంటది.

ఇది నేను చెప్పే మాటే కాదు. 2016లో గ్రిడ్ కోడ్ సవరణ వచ్చినప్పుడు లోడ్ తగ్గితే హీట్ రేటు ఎంత చెడిపోద్దో పట్టిక ఇచ్చారు. సూపర్ క్రిటికల్ (బాగా ఎక్కువ ఒత్తిడి ఆవిరితో నడిచే రకం) యూనిట్ 75 నుంచి 85 లోడ్ మధ్య నడిస్తే 1.25 శాతం, 65 నుంచి 75 మధ్య 2 శాతం, 55 నుంచి 65 మధ్య 3 శాతం. సబ్ క్రిటికల్ (అంతకంటే తక్కువ ఒత్తిడి రకం) అయితే ఆఖరి మెట్టులో 6. మీది సూపర్ క్రిటికల్, వాళ్లూ నెలంతా ఆగకుండా తిరిగారు అనుకుంటే, నీ 2,410లోంచి 3 శాతం తీస్తే 2,340. వాళ్ల 2,290లోంచి 1.25 తీస్తే 2,262. తేడా 120 కాదు, 78.

ఇప్పుడు నీకు నచ్చని మాట. ఆ 78 మాత్రం లోడ్ డిస్పాచ్ వాళ్లు (ఎవరు ఎంత పుట్టించాలో విజయవాడ నుంచి చెప్పేవాళ్లు) ఎత్తుకుపోలా. అది మీ ప్లాంటు లోపలే యాడో ఉండాది. రిపోర్టులో 61కి కారణం విజయవాడ అని రాసి చేతులు కడుక్కోవద్దు. ఆ 78 ఎక్కడుందో వెతుకు.

గూడూరు నిమ్మకాయ:

సార్, దండం. ఆ భాగహారం నాకు తట్టలేదు, సిగ్గేసింది. మాది సూపర్ క్రిటికలే. 78 అంటే ఎక్కడ వెతకను? డిజైన్ హీట్ రేటు కాగితాలు తీస్తే వంద పేజీలు ఉన్నాయి.

పెన్నా గట్టు పెద్దాయన:

వంద పేజీలు తర్వాత. ముందు ఆ అంకె నిజమో కాదో చూడు. హీట్ రేటు అంటే బొగ్గు తూకం ఇంటూ బొగ్గు వేడి, బై కరెంటు. కరెంటు మీటరు మోసం చెయ్యదు, ఎందుకంటే దాని మీద డబ్బులు వస్తాయి, రెండు పక్కలా కాపలా ఉంటది. మిగతా రెండూ అట్టా కాదు.

వేడి ఎక్కడ కొలుస్తుండారు? ఓడ దిగినప్పుడా, యార్డులో కుప్ప మీదా, మిల్లులోకి పొయ్యే ముందరా? కుప్ప నెల రోజులు ఎండలో ఉంటే కొంత దానికదే కాలిపోద్ది. నవంబరులో వాయుగుండం పట్టిందంటే మన బొగ్గు కుప్ప ఇడ్లీ పిండే. కేంద్ర కమిషన్ 2014లో డబ్బుల లెక్కకి ప్లాంటుకి చేరిన బొగ్గు వేడే తీసుకోవాలంది. 2019లో నిల్వలో పోయే దానికి కిలోకి 85 కిలో కేలరీలు తగ్గించుకోనిచ్చింది. నువ్వొక చోట కొలిచి, పక్కోళ్లు ఇంకో చోట కొలిస్తే, ఆ 78లో సగం అక్కడే పుట్టి ఉండొచ్చు.

తర్వాత కండెన్సర్ (టర్బైన్ దాటిన ఆవిరిని చల్లబరిచి నీళ్లు చేసే చోటు) వాక్యూమ్. సముద్రపు నీళ్లు కదా, గుల్లలు పట్టి ట్యూబులు పూడుకుంటాయి. మా రోజుల్లో నోటి లెక్క ఒకటుండేది: వాక్యూమ్ పది మిల్లీమీటర్లు పడితే హీట్ రేటులో ఇరవై కిలో కేలరీలు పోయినట్టు. ఆ రోజు సముద్రపు నీళ్ల వేడికీ, ఆ లోడ్‌కీ ఎంత రావాల్నో కాగితంలో చూసి దాంతో పోల్చు. నిన్నటి దాంతో పోల్చొద్దు.

చిమ్నీకి పొయ్యే గ్యాస్ వేడి, బూడిదలో కాలకుండా మిగిలిన బొగ్గు, ఆ తర్వాత. ఎంత దూరం పోతావో నీ ఇష్టం.

బంకరు కింద బతుకు:

అన్నా, నేను పెద్ద చదువులు చదవలా. ఇట్టాంటి ప్లాంటులోనే కోల్ హ్యాండ్లింగ్‌లో కాంట్రాక్టు కింద చేస్తా. నాలుగో వరస గురించి ఎవురూ మాట్లాడలేదే? మెగావాట్‌కి మనుషులు.

మా దగ్గర కూడా ఆ అంకె బలేగా తగ్గిందని బోర్డు మీద రాశారు. ఎట్టా తగ్గిందంటే మమ్మల్ని మనుషుల్లో లెక్కెయ్యడం మానేశారు. మునుపు పర్మినెంటు వాళ్లు చేసే పని ఇప్పుడు మేం చేస్తుండాం. మా జీతం కాంట్రాక్టు బిల్లులో మిగతా ఖర్చుల కింద పోద్ది, మనుషుల లెక్కలో రాదు. వానాకాలం తడిబొగ్గు చూటులో ఇరుక్కుంటే సుత్తితో కొట్టేది మేమే. రాత్రి రెండింటికి మేం అక్కడ లేకపోతే మీ మిల్లు ఖాళీ, లోడ్ ఖాళీ. పక్కోళ్లకి మనుషులు తక్కువ అంటే, గేటు దగ్గర పొద్దున ఆరింటికి నిలబడి తలకాయలు లెక్కపెట్టమను మీ సారుని.

ఇంకోటి. పెద్దాయన తూకం అన్నాడు కదా. బెల్టు కింద బొగ్గు తూచే వేయర్ ఫ్రేము ఉంటదే, దాని మీద బొగ్గుపొడి తడిసి గట్టిపడి కూర్చోనుంటది. మా దగ్గర దాన్ని గీకమని ఎవురూ చెప్పరు, అది మా పని లిస్టులో లేదు. బెల్టు ఖాళీగా తిరిగేటప్పుడు మీ దాని మీద సున్నా చూపిస్తుందో లేదో ఒకసారి చూడండి.

కావలి మాస్టారు:

కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. ప్లాంటు లోపలికి ఎప్పుడూ పోలేదు, కానీ ఈ పోలికల మీద మావాళ్లు డెబ్బై ఏళ్లుగా కుస్తీ పడుతున్నారు, అందుకని నా వంతు.

ఆర్థికవేత్తలకి కరెంటు అంటే ఇష్టం ఎందుకంటే అన్ని ఫ్యాక్టరీల సరుకూ ఒకటే, యూనిట్. చీరల్నీ బూట్లనీ పోల్చే బాధ లేదు. మార్క్ నెర్లోవ్ అనే ఆయన 1955 నాటి 145 అమెరికన్ కరెంటు కంపెనీల లెక్కలు తీసుకుని 1963లో రాసిన వ్యాసం ఇప్పటికీ క్లాసులో చెప్తాం.

ఒక్కో అంకె ఒక్కో కథ చెప్తే ఏం చెయ్యాలన్నదే నిమ్మకాయ గారి ప్రశ్న. దానికి ఫారెల్ 1957లో ఒక దారి చూపించాడు. చార్న్స్, కూపర్, రోడ్స్ ముగ్గురూ 1978లో దాన్ని లెక్కగా మలిచారు. డేటా ఎన్వలప్‌మెంట్ అనాలిసిస్ అంటారు. పేరు చూసి భయపడొద్దు, మన పొలం మీద చెప్తాను.

ముగ్గురు రైతులు. ముగ్గురికీ ఎకరాకి మూడు పుట్లే పండింది. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు, ఆ లెక్కన. మొదటాయన 2 బస్తాల ఎరువు, 20 తడులు. రెండో ఆయన 6 బస్తాలు, 12 తడులు. మూడో ఆయన 5 బస్తాలు, 20 తడులు. మొదటి ఇద్దరిలో ఎవరు మెరుగు? చెప్పలేం, ఒకరు ఎరువు ఆదా చేశారు, ఒకరు నీళ్లు. మూడో ఆయన సంగతి మాత్రం చెప్పొచ్చు. మొదటి ఇద్దరి పద్ధతినీ సగం సగం కలిపితే 4 బస్తాలు, 16 తడులతో అవే మూడు పుట్లు. ఆయన వాడినదాంట్లో 80 శాతంతో ఆ పంట వస్తుంది. కాబట్టి ఆయన సామర్థ్యం 80. ఎరువు ముఖ్యమా నీళ్లు ముఖ్యమా అని మనం ముందే తీర్పు చెప్పే పని లేదు, అదే దీని అందం.

దీని జబ్బు కూడా చెప్పాలి. రైతులు తక్కువై, కొలిచే సరుకులు ఎక్కువైతే ప్రతివాడూ ఏదో ఒకదాంట్లో మొనగాడు అవుతాడు, అందరికీ 100 వస్తుంది. లోపలికి పోయేవీ బయటికి వచ్చేవీ కలిపి ఎన్ని ఉంటే దానికి మూడింతల ప్లాంట్లయినా ఉండాలన్నది మా వాడుక. బొగ్గు వేడి, కెపాసిటీ, మనుషులు, కరెంటు, నాలుగు తీసుకుంటే 12 ప్లాంట్లు కావాలి. మీ దగ్గర రెండు. ఎవరైనా కన్సల్టెంట్ వచ్చి రెండు ప్లాంట్ల మీద ఈ లెక్క చేసి పెడతానంటే టీ ఇచ్చి పంపించండి.

పెన్నా గట్టు పెద్దాయన:

మాస్టారూ, రైతుల లెక్క బాగుంది. కానీ యూనిట్ అంటే అంతా ఒకటే సరుకు అన్నారే, అది మీ 1955లో నిజం. ఇప్పుడు మధ్యాహ్నం పన్నెండు గంటల యూనిట్ వేరు, రాత్రి ఏడు గంటల యూనిట్ వేరు. పన్నెండుకి ఒంగోలు గిత్త గారు వద్దన్నా ఇస్తారు. ఏడింటికి ఆయన ఇంటికి పోతారు, అప్పుడు రెండు గంటల్లో 330 నుంచి 550కి ఎక్కి చూపించేది ఈ కుర్రోడు. ఆ ఎక్కడానికి బాయిలర్ ట్యూబులు పడే బాధ మీ 145 కంపెనీలకి తెలీదు.

కావలి మాస్టారు:

ఒప్పుకుంటున్నాను సార్. అయితే సాయంత్రం యూనిట్‌ని వేరే సరుకుగా లెక్కలో వెయ్యాలి. అప్పుడు 15 ప్లాంట్లు కావాలి.

పెన్నా గట్టు పెద్దాయన:

అందుకే నేను పక్కోడితో పోల్చొద్దు, నీతో నిన్నే పోల్చుకో అంటుండా. 2012లో మొదలైన ప్యాట్ స్కీములో (ఇంధనం ఆదా చెయ్యమని కేంద్రం పెట్టింది) కూడా అదే చేశారు. ఒక్కో ప్లాంటుకి దాని పాత అంకే ఆధారం, అందులోంచి ఎంత తగ్గించాలో టార్గెట్. లోడ్ తగ్గితే, బొగ్గు మారితే దానికి సవరణ. పెద్దసారుకి నా మాట నచ్చకపోతే ఆ మాట చూపించు అబ్బాయ్, సర్కారీ కాగితం మీద ఉంటే గౌరవం.

గూడూరు నిమ్మకాయ:

పన్నెండు రోజులు కనబడలేదు, క్షమించండి. ఇట్లా జరిగింది.

బంకరు అన్న చెప్పినట్టు ఆ రాత్రే కోల్ హ్యాండ్లింగ్‌కి (సీహెచ్‌పీ) పోయా. రెండు బెల్టులు. ఖాళీ బెల్టు తిరుగుతుంటే ఒకటి సున్నా చూపించింది, రెండోది చూపించలేదు. టార్చి వేసి చూస్తే ఫ్రేము మీద బొగ్గు సిమెంటులా పట్టి ఉంది. గీకడానికి ఇద్దరికి గంటన్నర పట్టింది. మర్నాడు టెస్ట్ చెయిన్ (బరువు ముందే తెలిసిన గొలుసు) వేసి చూపిస్తే, రెండు బెల్టులూ కలిపి తూకం 0.8 శాతం ఎక్కువ చూపిస్తున్నట్టు తేలింది. అంటే 2,410 కాదు, 2,391. లోడ్ సవరణ తీస్తే 2,321. పెద్దాయన చెప్పిన 78లో 19 దొరికాయి, 59 మిగిలాయి. ఎన్నాళ్ల నుంచి అట్లా ఉందో ఎవరూ చెప్పడం లేదు. పాత నెలల లెక్కలు తిరగరాస్తే అకౌంట్స్ వాళ్లు గోల చేస్తారని, వచ్చే నెల నుంచి అన్నారు.

బొగ్గు వేడి మేం మిల్లు ముందు శాంపిల్‌లో కొలుస్తున్నాం. పక్కోళ్లు ఎక్కడ కొలుస్తారో తెలిస్తే గానీ పోలిక కుదరదని రిపోర్టులో రాసేశా. స్లైడ్‌లోకి వాళ్ల అంకెలు ఎలా వచ్చాయని అడిగితే, ఎవరో పంపిన వాట్సాప్ ఫోటో అని తేలింది.

వాక్యూమ్ మాత్రం మా తప్పే. ఆ లోడ్‌కి, ఆ రోజు నీళ్ల వేడికి రావాల్సినదానికంటే 14 మిల్లీమీటర్లు తక్కువ ఉంది. నోటి లెక్క ప్రకారం 28 కిలో కేలరీలు. గుల్లలు పట్టకుండా నీళ్లలో క్లోరిన్ కలిపే డోసింగ్ పంపు మధ్యలో చాలా రోజులు ఆగిందని లాగ్ బుక్కులో ఉంది, నేను కూడా సంతకం పెట్టిన పేజీలో.

మనుషుల వరస దగ్గర పెద్దసారుతో కొంచెం గట్టిగానే అయింది. కాంట్రాక్టు వాళ్లని కూడా కలిపి వేశా. మా అంకె ఇంకా పెరిగింది. "ఇదేంది, మనల్ని మనమే తక్కువ చేసుకుంటున్నాం" అన్నారు. పక్కోళ్ల కాంట్రాక్టు లెక్క కూడా తెప్పించండి సార్, అప్పుడు కుడి పక్క నింపుతా, అప్పటిదాకా ఖాళీ వదిలేస్తా అన్నా. ఆ వరస మొత్తం తీసేయమన్నారు. తీసేశా. బంకరు అన్నా, ఏమీ అనుకోవద్దు.

బంకరు కింద బతుకు:

ఏమనుకుంటాంలే అన్నా. గీకిన ఆ ఇద్దరికీ ఓటీ ఇచ్చారా?

గూడూరు నిమ్మకాయ:

రాశా, ఇంకా శాంక్షన్ కాలేదు. వదలను.

పెన్నా గట్టు పెద్దాయన:

కండెన్సర్ తెరవడానికి యూనిట్ ఆపనిస్తారా? ఆపితే అవైలబిలిటీ పోద్ది.

గూడూరు నిమ్మకాయ:

ఆపే పని లేదు సార్. పగలు ఎట్లాగూ 55 శాతం లోడ్ దగ్గరే కదా పెట్టేది. ఆ లోడ్‌లో ఒక సగం కండెన్సర్ ఐసొలేట్ చేసి తెరవొచ్చు, మిగతా సగం మీద నడుస్తుంది. ఒంగోలు గిత్త అన్న ఎండ బాగా కాయిస్తే ఆరు గంటలు దొరుకుతాయి. శుక్రవారం పదకొండుకి పర్మిట్ ఇచ్చారు. గుల్లలు ఎంత ఉంటాయో తీసినాక ఫోటో పెడతా.

ఒంగోలు గిత్త:

శుక్రవారం మబ్బు ఉండేలా ఉంది తమ్ముడూ. శనివారం అడుగు.